నాలుగేళ్ళకు తగ్గుతుందన్నాను

హుద్‌హుద్ తుపాను పోయిన మరుసటి చలికాలంలో నేను విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు తిరిగి ఒక డాక్యుమెంటరీ సినిమా తీసి వచ్చాను. తెనాలిలో మా వీధిలో ఈ మాట ఇలాగే తిరుగుతోంది. తిప్పింది నేనే. నిజానికి సినిమా తీసింది మా అన్న కూతురు వాసంతి. నేను కెమెరా స్టాండు మోశాను. అదైనా రెండుసార్లే. మూడోసారి ఇసుకలో జారి స్టాండుతో సహా బోర్లా పడితే, "బాబాయ్, నువ్వు గొడుగు పట్టుకో చాలు" అని లాక్కుంది.

సినిమా దేని గురించో ముందు చెప్పాలి. సైన్యంలోనూ, కేంద్ర బలగాల్లోనూ పనిచేసి ఇంటికొచ్చిన ఆడవాళ్ళ గురించి. చూడకూడనివి చూసి వచ్చినవాళ్ళ మనసుకు పట్టే జబ్బును డాక్టర్లు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ అంటారట. వాసంతి రైల్లో నాకు రెండు గంటలు బోధించింది. నాకు అర్థమైంది ఇంతే: ఒంటికి తగిలిన దెబ్బ మానుతుంది, దెబ్బ తగిలిన ఆ నిమిషం మానదు. అది రోజూ మళ్ళీ మొదటినుంచి జరుగుతూనే ఉంటుంది.

నన్నెందుకు తీసుకెళ్ళిందంటే, ఆడపిల్ల ఒంటరిగా ఊళ్ళు తిరగడానికి మా వదిన ఒప్పుకోలేదు. డెబ్బయ్యేళ్ళ ముసలాడు తోడుంటే దేనికి భరోసానో మా వదినకే తెలియాలి.

చీపురుపల్లిలో ఊరికే వచ్చిన టీ

గరివిడి దాటుతుంటే ఫ్యాక్టరీ పొగ కిటికీలోంచి వచ్చి నా తెల్ల పంచె మీద కూర్చుంది. చీపురుపల్లిలో దిగేసరికి చలి కొరుకుతోంది. విజయవాడ ఫుట్‌పాత్ మీద కొన్న మిలిటరీ రంగు స్వెట్టరు తీసి తొడుక్కున్నాను. ఈ కథంతా ఆ స్వెట్టరుతోనే మొదలైంది.

స్టేషను బయట టీ బండి. టీ ఐదు రూపాయలు, మా తెనాలిలో అప్పటికే ఏడు. బండివాడు నా స్వెట్టరు చూసి గ్లాసు కాస్త నిండా పోశాడు.

"మిలిట్రీయా బాబూ?"

ఈ రెండు జిల్లాల్లో ఇంటికొకడు సైన్యంలో ఉంటాడని తర్వాత తెలిసింది. మా వైపు పిల్లాడు పదో తరగతి తప్పితే ఎరువుల కొట్లో పెడతారు. ఇక్కడ తెల్లారకముందే రోడ్డు మీద పరుగెత్తిస్తారు, సైన్యం సెలక్షన్ల కోసం.

"ఆఁ" అన్నాను.

"యుద్ధం సూసినారేటి?"

"డెబ్బై ఒకటిలో."

"మావోడు మంచులో ఉన్నాడు బాబూ. మిలిట్రీవోళ్ళ కాడ నాను డబ్బులు ముట్టను. ఎల్లిరండి."

డెబ్బై ఒకటిలో నేను ఉన్నమాట నిజం. సికింద్రాబాదులో, మిలిటరీ స్టోర్సులో, కంబళ్ళ గోదాములో, సివిలు గుమాస్తాగా. తుపాకీని ముట్టలేదు. తుపాకీ ఉన్న గదిలోకి పోవాలన్నా నాకు పాసు లేదు. కానీ డెబ్బయ్యేళ్ళ జీవితంలో నాకెవరైనా గౌరవంగా ఊరికే టీ ఇవ్వడం అదే మొదలు. ఆ రుచి మరిగాను. మా అద్దె కారు డ్రైవరు అప్పన్న పక్కనే నిలబడి అంతా విన్నాడు. మధ్యాహ్నానికల్లా నేను సుబేదారునైపోయాను. ఆ పదవి అప్పన్న ఇచ్చిందే. నేను కాదనలేదు.

వాసంతి మాత్రం నావైపు ఒక చూపు చూసింది. గోదాము సంగతి ఆమెకు పుట్టినప్పట్నుంచీ తెలుసు.

బొబ్బిలిలో కెప్టెన్ గారు

మర్నాడు బొబ్బిలి. పనసదుంగను తొలిచి వీణ చేసేవాళ్ళుండే వీధిలో ఒక రిటైరైన నర్సమ్మగారిని కలిశాం. మిలిటరీ ఆస్పత్రిలో పనిచేసి కెప్టెన్ హోదాలో దిగారు. సన్నగా, నిటారుగా ఉన్నారు. మాకు కాఫీ ఇచ్చి, ఖాళీ కప్పులు కడిగి, బోర్లించి, మళ్ళీ తీసి కడిగారు. మూడోసారి కూడా కడిగారు. వాసంతి కెమెరా సంచీ జిప్పు సగం తెరిచి, ఆ మూడోసారి చూశాక మూసేసింది.

"ఏమీ అనుకోకమ్మా. నేను మాట్లాడలేను" అన్నారావిడ. కాసేపు ఎదురింట్లోంచి వస్తున్న ఉలి చప్పుడు విన్నాం. "ఈ చప్పుడు కోసమే ఈ వీధిలో ఇల్లు తీసుకున్నాను. తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలిసిపోతుంది" అన్నారు.

తర్వాత నావైపు తిరిగి, "మీది ఏ యూనిట్టండీ?" అన్నారు.

నాకు దగ్గొచ్చింది. చాలాసేపు వచ్చింది. ఆవిడ మంచినీళ్ళిచ్చి, గుమ్మందాకా వచ్చి, వాసంతికి వినపడకుండా మెల్లగా చెప్పారు: "స్వెట్టరు బాగుంది. విప్పి సంచీలో పెట్టుకోండి. ఇక్కడ కొంతమంది నమ్ముతారు. నమ్మాక అడగడం మొదలుపెడతారు."

విప్పలేదు. చలిగా ఉందని వాసంతితో అన్నాను. చెమట పడుతోంది.

వేపుడు లేని ఇల్లు

మూడోరోజు సముద్రం ఒడ్డు. ఊరి పేరు రాయను, రాయొద్దని ఆమె చెప్పింది. మనిషి పేరు కూడా మార్చి పైడమ్మ అని రాస్తున్నాను. మత్స్యకారుల ఇంటి ఆడపిల్ల, కేంద్ర బలగంలో కానిస్టేబులుగా పదకొండేళ్ళు చేసింది. చివర్లో అడవి డ్యూటీ. మందుపాతర పేలిన రోజున ఆమె రెండో బండిలో ఉంది. తర్వాత మెడికల్ బోర్డు ఇంటికి పంపేసింది. భర్త గుజరాత్ బోట్ల మీద వేటకు పోయాడు, వేసవికి గానీ రాడు. ఇంట్లో ఆమె, అత్త నీలమ్మ.

నీలమ్మ నోరున్న మనిషి. ఒడ్డున చేపల వేలంపాట పాడేది ఆవిడే. మమ్మల్ని చూస్తూనే, "ఏటి, సినిమావోళ్ళా? హీరో ఈ ముసలాయనేనా?" అంది.

అప్పన్న నా గొప్ప చెప్పాడు. "సుబేదారు గారే, యుద్ధం సేసినారు." నీలమ్మ చెంగు భుజమ్మీదికి లాక్కుని, "తప్పు బాబూ, తెలవక అన్నాను" అని మడత మంచం వాల్చింది.

భోజనం అక్కడే. ముందు చోడి అంబలి. మా వైపు రాగిజావ అంటే జబ్బుపడ్డవాళ్ళకిస్తాం, ఇక్కడ మొగుడూపెళ్ళాలు అది తాగి పడవెత్తుతారు. తర్వాత అన్నం, కవళ్ళ పులుసు, సందువ పులుసు, నెత్తళ్ళ పులుసు. పులుసులో కాస్త బెల్లం తగిలింది. నేను ముప్ఫై చేపలు తిన్నాను. సరే, ఆరు. తిని, హాస్యమాడాను: "సముద్రం ఇంటి ముందు పెట్టుకుని ఒక్క వేపుడు ముక్క లేదా నీలమ్మా?"

ఎవరూ నవ్వలేదు. పైడమ్మ కంచం పట్టుకుని లేచి పెరట్లోకి పోయింది.

"ఈ ఇంట్లో నూనె కాగబెట్టం బాబూ" అంది నీలమ్మ. 

భోజనాలయ్యాక పైడమ్మ వలల పక్కన నీడలో కునుకు తీసింది. పొద్దుపోయేలోగా మాట్లాడించాలని నేను లేపబోతే, నీలమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని వెనక్కి లాగింది. తాను పది బారల దూరంలో నిలబడి, నడుమున చేతులు పెట్టుకుని, గొంతెత్తి వేలంపాట అందుకుంది.

"కవళ్ళు తట్టా! నూటయాబై! నూటరవై! ఎవులమ్మా, నూటరవై! తెల్లగున్నాయి, తాజాగున్నాయి, నూటడెబ్బై!"

పైడమ్మ కళ్ళు తెరిచింది. ఒక్క క్షణం ఎక్కడో చూసింది. తర్వాత వలలు చూసింది, ఇసుక చూసింది, అత్తను చూసింది. "నూటెనబై" అని మెల్లగా అంది. నీలమ్మ పాట ఆపేసింది.

"సెయ్యేస్తే పీకట్టుకుంటాది" అని నీలమ్మ నాతో చెప్పింది. "పేరెట్టి పిలిస్తే లేసి అటెన్షన్‌లో నిలబడతాది, మరింక ఇక్కడుండదు. సేపల పాట ఆ అడివిలో నేదు కదేటి? అది ఇంటేనే ఇంటికాడున్నానని తెలుస్తాది దానికి."

ఈ మందు ఏ డాక్టరు రాశాడని అడిగాను. "నాకు సదువెక్కడిది బాబూ, ఆర్నెల్లు అన్నీ సేసి సూసి ఇది పట్టినాను" అంది.

నాలుగేళ్ళు

కెమెరా మాటెత్తితే పైడమ్మ ఒప్పుకోలేదు.

"ఇంతకుముందు టీవీవోళ్ళు వచ్చినారు. ఆళ్ళూ నీలాగే నెమ్మదిగా మాటాడినారమ్మా. నాను వల సిక్కు తీస్తంటే ఎనకాల టపాసు పేల్సినారు. నాను ఇసకలో పడి పాక్కుంటా పోనాను. అదే సూపించినారు. మూడుసార్లు సూపించినారు, మెల్లగా. అడుగున పాట కూడా ఎట్టినారు. నాను ఏటి సెప్పినానో ఒక్క ముక్క నేదు. అప్పట్నించీ ఊళ్ళో నన్ను ఆ పాకినదాన్ని సూసినట్టే సూస్తారు."

వాసంతి తలవంచుకుంది. "టపాసులుండవక్కా. పాటా ఉండదు. వద్దంటే ఇప్పుడే వెళ్ళిపోతాం" అంది.

పైడమ్మ నావైపు, నా స్వెట్టరువైపు చూసింది. "సార్, మీరెక్కడ సేసినారు?"

"తూర్పు సరిహద్దు" అన్నాను.

"ఐతే మీకు సెప్తాను. మీకు తెలుస్తాది. ఆమెను తీసుకోమనండి, నాను మీతోనే మాటాడతాను."

మూడు గంటలు మాట్లాడింది. అందులో చాలావరకు నేనిక్కడ రాయను, రాసే హక్కు పోగొట్టుకున్నాను. రాయొచ్చని తర్వాత ఆమే చెప్పినవి రెండు. ఒకటి వేపుడు సంగతి. మందుపాతర పేలిన రోజు క్యాంపులో పూరీలు చేసి, డబ్బాల్లో పెట్టి ముందుబండిలో వేశారు. ముందుబండి లేచిపోయాక ఆమె తలెత్తి చూస్తే చెట్ల కొమ్మల మీద పూరీలు వేలాడుతున్నాయి. నూనె కాగే వాసన తగిలితే ఇప్పటికీ ఆ చెట్టు కిందే ఉంటుంది.

రెండోది ఆమె కూతురు గౌరి సంగతి. ఇంటికొచ్చిన కొత్తలో ఒకరోజు నిద్రలో దుప్పటి కోసం ఆ పిల్ల లాగితే, పైడమ్మ చేతులు పిల్ల పీక మీదికి పోయాయి. నీలమ్మ విడిపించింది. అప్పట్నుంచీ గౌరి నాలుగిళ్ళ అవతల చిన్నాన్న ఇంట్లో పడుకుంటుంది. పగలు వస్తుంది, జడ వేయించుకుంటుంది, దీపాలవేళకు పోతుంది. అప్పుడు ఐదేళ్ళు, ఇప్పుడు తొమ్మిదికి దగ్గర.

ఇది చెప్పి పైడమ్మ నన్నడిగింది. "సార్, మీకూ ఇలగే ఉండేదా?"

వాసంతి కెమెరా వెనకనుంచి తలెత్తింది. అప్పుడైనా నేను చెప్పాల్సింది.

"ఉండేది" అన్నాను.

"పిల్లల పక్కన మళ్ళీ ఎప్పుడు తొంగున్నారు? ఎన్నేళ్ళకి తగ్గినాది?"

ఏమీ తెలియని మనిషి నోట్లోంచి అంకె ఎంత సులువుగా వస్తుందో అప్పుడు చూశాను.

"నాలుగేళ్ళు" అన్నాను.

ఆమె వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "నాను వచ్చి వచ్చే అమాసకి నాలుగేళ్ళు సార్" అంది. ఆ మొహం విచ్చుకోవడం నేను చూశాను. ఇంతకుముందు ఎవరి మొహమూ నా మాటకు అలా విచ్చుకోలేదు. నాకు భయమేసింది.

తిరిగి కారులో టౌనుకు పోతుంటే అప్పన్న, "ఈయాల మంచిపని సేసినారు బాబూ" అన్నాడు. వాసంతి కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాకు తెలిసి కూడా కెమెరా ఆపలేదు బాబాయ్" అంది. 

నాలుగోరోజు

పొద్దున్నే వెళ్ళేసరికి ఒడ్డున పడవలు దిగుతున్నాయి. వేలం జోరుగా ఉంది. వంజరం ఒకటి నా కాలంత ఉంది. మోకాలి దాకా అనుకోండి. నీలమ్మ తట్టల మధ్యనుంచి నన్ను చూసి, పాట మధ్యలోనే కేకేసింది: "బాబూ! మా గుంట ఈయాల్టి నించి ఇంటికాడే! దాని చాప తెచ్చీసినాను!"

గుంట అంటే అక్కడ పిల్ల. పాట పాడుతున్న ఆడమనిషి కళ్ళు తుడుచుకోవడం, కొనేవాళ్ళు ఆగడం కూడా చూశాను.

ఇంటికి పోతే గోడకు ఆనించి చిన్న చాప, పక్కన గళ్ళ దుప్పటి. గౌరి బడికి పోలేదు. అమ్మ మంచం పక్కన నేల రెండుసార్లు తుడిచిందట, మూడోసారి తుడుస్తోంది. పైడమ్మ గుమ్మంలో కూర్చుని చేపలు ఎండబెట్టే పట్టా కుడుతోంది. నన్ను చూసి నవ్వింది.

"అమాస దాకా ఏల సార్, వారమే కదా అనుకున్నాను."

స్వెట్టరు విప్పేశాను. ఎందుకు విప్పానో నాకే తెలియదు, విప్పితే మాట సులువవుతుందనుకున్నానేమో. కాలేదు.

"గౌరీ, నువ్వు నానమ్మ దగ్గరికెళ్ళమ్మా" అన్నాను. పిల్ల వెళ్ళాక చెప్పాను. "అమ్మా, నేను సుబేదారును కాను. సైనికుణ్ణే కాను. సికింద్రాబాదులో కంబళ్ళ గోదాములో గుమాస్తాను. యుద్ధమప్పుడు వెనక్కొచ్చిన కంబళ్ళు దులిపి, చిరిగినవి వేరు, నెత్తురున్నవి వేరు పెట్టించాను. నేను చూసింది అదే. నాకేమీ తగ్గలేదు, ఎందుకంటే నాకేమీ రాలేదు. నాలుగేళ్ళన్నది నోటికొచ్చిన అంకె. పిల్లను పక్కన పడుకోబెట్టుకోవద్దు తల్లీ."

సూది పట్టాలో సగం దిగి ఆగింది. ఆమె నన్ను కాదు, నా చేతిలోని స్వెట్టరును చాలాసేపు చూసింది.

"నోటికొచ్చినాదా" అంది చివరికి.

వాసంతి నా వెనకే నిలబడి ఉంది. పైడమ్మ ఆమెను అడిగింది. "నీకు తెలుసునా అమ్మా?"

"తెలుసక్కా."

"తెలిసి తీసినావు."

వాసంతి ఏడ్చింది. పైడమ్మ ఏడవలేదు. "తుడిసీ" అంది. "నిన్న నాను సెప్పిందంతా తుడిసీ. నా ఎదటే. అది సైనికుడికి సెప్పినాను. అక్కడ సైనికుడు నేడు."

వాసంతి మెట్టు మీద ఆమె పక్కన కూర్చుని, తెర చూపిస్తూ, ఒక్కొక్కటే చెరిపింది. మూడు గంటల మాట పోవడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంతలో వేలం ముగించుకుని నీలమ్మ వచ్చింది, సంగతి విన్నది, చేపల తట్ట కింద పడేసి నన్ను తిట్టింది. మా వైపు తిట్లు మనిషిని తిడతాయి. అక్కడి తిట్లు మనిషిని, వాడి స్టోర్సును, వాడి కంబళ్ళను, వాడెక్కి వచ్చిన రైలును కూడా వదలవు. ఒక్కటీ పెంచి రాయడం లేదు. తగ్గించే రాస్తున్నాను.

"ఊరుకో అత్తా" అంది పైడమ్మ. "సెప్పకుండా ఎల్లిపోతే ఏటయ్యేది?"

సినిమా సంగతి ఇక్కడే చెప్పేస్తాను. రెండురోజుల తర్వాత ఆమే కబురు పంపింది, అత్త పాట, ఆ పాటకు తను కళ్ళు తెరవడం, తన చేతిపని తీసుకోవచ్చని. పద్దెనిమిది నిమిషాల సినిమా. ఎండుచేపలు తిరగేసే చేతులు, వేలంపాట, తెరుచుకునే కళ్ళు. అంతే. హైదరాబాదులో చిన్న హాల్లో వేశారు. చివర్లో ఒకాయన లేచి, "అసలు ఆమెకేం జరిగిందో చెప్పనేలేదే?" అన్నాడు. "చెప్పాలని ఆమె అనుకోలేదండీ" అంది వాసంతి. నేను వెనక వరుసలో కూర్చున్నాను. తెర మీద సహాయకుల పేర్లలో నా పేరు వెయ్యొద్దని ముందే చెప్పాను. ఇది మాత్రం మా వీధిలో ఎవరూ నమ్మడం లేదు.

చాప

ఆ నాలుగోరోజు తిట్లన్నీ అయ్యాక, గౌరి వచ్చి గుమ్మంలో నిలబడింది. పెద్దవాళ్ళ మొహాలు చూసింది. గోడ దగ్గరికి పోయి దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టింది. తొమ్మిదేళ్ళు నిండని పిల్ల, అంచులు సరిగ్గా కలిపి మడిచింది.

పైడమ్మ లేచి కూతురి జడ చివర రిబ్బను ఊడిపోతుంటే గట్టిగా ముడివేసింది. చాలాసేపు వేసింది. తర్వాత నాతో, అంతవరకూ సార్ అన్న మనిషి, "తాతా, చాప మీరే అట్టుకెళ్ళండి. తెప్పించింది మీరే కదా" అంది.

చాప చంకన పెట్టుకున్నాను. ముందు దుప్పటి పట్టుకుని గౌరి, వెనక నేను. నాలుగిళ్ళంటే ఎంత దూరం! గుమ్మాల్లో ఆడవాళ్ళు చేపలు తోముతున్నారు. మమ్మల్ని చూసి చేతులాపారు.

రెండో ఇల్లు దాటాక గౌరి వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"తాతా, మరెన్నేళ్ళంట?"

"నాకు తెలీదమ్మా."

"అమ్మకి తెల్సా?"

"అమ్మకూ తెలీదు."

కాస్త దూరం ఆలోచించుకుంటూ నడిచింది. చిన్నాన్న ఇంట్లోకి పోయి, నా చంకలోంచి చాప తీసుకుని, ఎప్పుడూ వేసుకునే మూల కాకుండా పడమటి గోడ వారగా పరిచింది. ఒకసారి పడుకుని చూసి, లేచి, చాపను ఇంకాస్త గోడకు జరిపింది.

"ఇటేపు అమ్మోళ్ళిల్లు" అంది. "నానమ్మ పాట ఇక్కడికి ఇనబడతాది."